అరువు వార్తలతోని సైట్ నిండుతదా?

మండలానికో న్యూస్ సైట్ వచ్చిన కాలమిది. డొమైన్ పేరు కొనుడు, హోస్టింగ్ తీసుకునుడు, వర్డ్‌ప్రెస్ ఎక్కించి ఒక థీమ్ అతికిచ్చుడు ఒక్క రాత్రి పని. డిగ్రీ సదివే పోరగాళ్లు చేస్తున్నరు. మొదటి పది రోజులు సైట్ మంచిగనే ఉంటది. బడిల సార్లు లేని సంగతి, బస్సు బందైన సంగతి, వడ్ల కాంటా ఆలస్యమైన సంగతి వస్తయి. పదకొండో రోజు నుంచి కష్టం మొదలైతది. రాసేటోడు ఒక్కడే, వాడికి బతుకుదెరువు పని వేరే ఉంటది. ముంగటి పేజీ మీద పాత తారీఖు అట్లనే కూసుంటది. అప్పుడు ఎవలో ఒకరు చెప్తరు, ఫీడ్ పెట్టు తమ్మీ, వార్తలు వాటంతటవే వచ్చి పడుతయి అని.

ఆ మాట విని ఫీడ్ పెట్టుకున్న సైట్లు నేను దినాం చూస్తున్న. పేరు మన మండలానిది. తెరిస్తే ముంగట సినిమా హీరో పెండ్లి, క్రికెట్ స్కోరు, బంగారం ధర, ఢిల్లీల మంత్రి చెప్పిన మాట. అదే వార్త, అదే హెడ్డింగ్, అదే అచ్చుతప్పు ఇరవై సైట్లల్ల. మన ఊరి చెరువు తూము పగిలిన సంగతి ఏడ లేదు. ఫీడ్ చెడ్డదని నేను అనను. అది కాలువ నీళ్ల లెక్క. తూము ఎవలు ఇప్పుతున్నరు, ఏ మడికి పోతున్నయి, నీరటికి సోయి ఉన్నదా లేదా అన్నదే అసలు లెక్క. అందుకే ఫీడ్ అంటే ఏంది, ఏడికెళ్లి వచ్చింది, ఎట్ల పెట్టుకోవాలె, ఏది తీసుకుంటే న్యాయం, ఏది దొంగతనం అనేటివన్ని ఒక్క కాడ రాస్తున్న. నేను కంప్యూటర్ కోర్సు సదివినోన్ని కాదు. ఇవి చేసుకుంట నేర్చుకున్నయి.

ఫీడ్ లోపట ఏముంటది

మనం చూసే వెబ్ పేజీ మనిషి కోసం చేసింది. రంగులుంటయి, బొమ్మలుంటయి, యాడ్లుంటయి. ఫీడ్ యంత్రం కోసం చేసింది. అదే సైట్ల కొత్తగ వచ్చిన పది ఇరవై వార్తల జాబితాను ఏ అలంకారం లేకుంట ఎక్స్ఎంఎల్ అనే పద్ధతిల రాసిపెట్టిన ఫైల్ అది. ఒక్కో వార్తకు ఒక్కో ఐటమ్. ఐటమ్ లోపట హెడ్డింగ్, అసలు వార్త లింకు, చిన్న సారాంశం, పెట్టిన తారీఖు, టైము ఉంటయి. ఇంక ఆ వార్తకు ఒక గుర్తు ఉంటది, దాన్ని గైడ్ అంటరు. మన సైట్ గంటకో పూటకో ఒకపారి పోయి ఆ ఫైల్‌ను అడుగుతది. గుర్తును చూసి ఏది పాతది ఏది కొత్తది తేల్చుకుంటది. కొత్తవాటిని మన పేజీ మీద చూపిస్తది. ఇండ్ల మాయేమి లేదు.

వర్డ్‌ప్రెస్‌తోని కట్టిన సైట్‌కు ఫీడ్ దానంతటదే తయారై ఉంటది. ఓనర్ కావాలని బంద్ చేస్తే తప్ప, సైట్ అడ్రస్ చివర్ల ఒక ఏటవాలు గీత పెట్టి ఇంగ్లీషుల ఫీడ్ అని కొడితే బయటవడుతది. బ్లాగర్‌కు ఉన్నది. యూట్యూబ్ ఛానెళ్లకు కూడ ఉన్నది, ఈ సంగతి శానా మందికి తెల్వదు. పాడ్‌కాస్ట్ అని మనం ఇంటున్నది నడిచేది కూడ ఈ ఫీడ్ మీదనే. ఐటమ్ లోపట ఆడియో ఫైల్ లింకు ఒకటి ఎక్కువ తగిలిస్తరు, అంతే తేడా.

దీని పేరు ఆర్ఎస్ఎస్. నాగపూర్ ఆర్ఎస్ఎస్‌కు దీనికి ఏ సంబంధం లేదు. నవ్వకుండ్రి, మీటింగులల్ల ఈ ప్రశ్న నన్ను నిజంగనే అడిగిండ్రు.

వైరు నుంచి ఫీడ్ దాక

ఒకరు రాసిన వార్తను పది మంది వాడుకునుడు ఇంటర్నెట్‌తోని మొదలైంది కాదు. 1846ల న్యూయార్క్ పత్రికలు కొన్ని మెక్సికో యుద్ధం వార్తలు తెప్పిచ్చుకునే ఖర్చు పంచుకుందామని ఒక్కటైనయి. అట్ల పుట్టిందే అసోసియేటెడ్ ప్రెస్. 1851ల లండన్‌ల రాయిటర్స్ వచ్చింది. మన దేశంల పీటీఐ 1947 ఆగస్టుల రిజిస్టరై, 1949ల పని మొదలువెట్టింది. యూఎన్ఐ 1961ల వచ్చింది. చిన్న పత్రిక ఢిల్లీల, బొంబాయిల రిపోర్టర్లను పెట్టుకోలేదు. చందా కట్టి ఏజెన్సీ వార్త తీసుకుంటది. జిల్లా వార్త తన మనిషితోని రాపిచ్చుకుంటది. ఈ పద్ధతిల తప్పులేదు. ఏజెన్సీకి పైసలు ముట్టినయి, వార్త కింద ఏజెన్సీ పేరు ఉన్నది, పత్రికకు తన ఊరి వార్త కూడ ఉన్నది.

గాని అందరి నోట్లె ఒక్కటే గొట్టం పెట్టుకుంటే ఏమైతదో ఈ దేశం చూసింది. ఎమర్జెన్సీల, 1976 ఫిబ్రవరిల, పీటీఐ, యూఎన్ఐ, హిందుస్థాన్ సమాచార్, సమాచార్ భారతి అనే నాలుగు ఏజెన్సీలను కలిపి 'సమాచార్' అని ఒక్కటే చేసిండ్రు. ఇగ పత్రికలను ఒక్కొక్కదాన్ని సెన్సార్ చేసే కష్టమెందుకు? మొదట్లనే తూము పట్టుకుంటే సరిపాయె. 1978ల మల్ల ఎవలి ఏజెన్సీ వాళ్లకైంది. ఫీడ్ పెట్టుకునే ప్రతి పిల్లగాడు ఈ ముచ్చట తెలుసుకోవాలె. ఇరవై సైట్లు ఒక్కటే ఫీడ్ మీద బతికితే అవి ఇరవై సైట్లు కావు, ఒక్క సైట్‌కు ఇరవై తలుపులు.

ఆర్ఎస్ఎస్ పుట్టింది 1999 మార్చిల, నెట్‌స్కేప్ కంపెనీల. చేసినోళ్లు డాన్ లిబ్బీ, రామనాథన్ గుహ. గుహ మద్రాస్ ఐఐటీల సదివినాయన. తర్వాత దాని మీద పెద్ద లొల్లి అయ్యింది, అది ఏ తీరుగ ఉండాలె అని. 2000 డిసెంబర్‌ల ఒక జట్టు 1.0 అని తెచ్చింది. ఆ జట్టుల ఆరన్ స్వార్ట్జ్ అనే పిల్లగాడున్నడు, అప్పటికి పద్నాలుగేండ్లు. 2002ల డేవ్ వైనర్ అనేటాయన 2.0 తెచ్చిండు. ఇయ్యాల ఎక్కువ నడిచేది అదే. 2005ల ఆటమ్ అని ఇంకో పద్ధతి వచ్చింది. మీరు వాడే ప్లగిన్లు రెండింటిని సదువుతయి, కాబట్టి ఆ పంచాయతి మనకు అక్కర లేదు. ఆరన్ పేరు మాత్రం యాది పెట్టుకోండ్రి. జ్ఞానం మీద తాళాలు వద్దని కొట్లాడి, కేసుల పాలై, 2013 జనవరిల ఇరవై ఆరేండ్లకే ప్రాణం తీసుకున్నడు. అదే ఏడు జూలై 1న గూగుల్ తన రీడర్‌ను మూసేసింది. ఫీడ్లు సదువుకునే కోట్ల మంది ఫేస్‌బుక్, ట్విటర్ దిక్కు పోయిండ్రు. అప్పటి నుంచి ఏది ముందు చూడాలె అన్నది సదివేటోని చేతుల లేదు, కంపెనీ చేతులకు పోయింది.

తెలుగుల ఈ పని ఆలస్యంగ మొదలైంది. దానికి కారణం అక్షరాలు. తెలుగుకు యూనికోడ్ల 1991 నుంచే జాగ ఉన్నది. అయినా 2000ల మన పెద్ద పత్రికల సైట్లు ఎవలి ఫాంటు వాళ్లు పెట్టుకున్నయి. ఆ ఫాంటు ఉంటేనే తెలుగు, లేకుంటే పిచ్చి ఇంగ్లీషు గీతలు. అసొంటి వార్తను ఫీడ్‌ల పంపితే అవతలోనికి అర్థమే కాదు. ఆ తాళాన్ని ఇప్పింది పత్రికలు కాదు, బ్లాగులు రాసుకునేటోళ్లు. వీవెన్ చేసిన 'కూడలి' తెలుగు బ్లాగుల ఫీడ్లన్ని ఒక్క కాడికి తెచ్చింది. జల్లెడ, హారం, మాలిక కూడ అదే తొవ్వల నడిచినయి. అండ్ల చూసుడే ఒక సదువు. ఒక పక్క హెడ్డింగ్, రెండు లైన్ల సారాంశం, రాసినోని పేరు. మొత్తం సదవాలంటే రాసినోని ఇంటికే పోవాలె. సొమ్ము ఎవలిదో వాళ్లకే చెల్లింది, సదివేటోనికి తొవ్వ దొరికింది. ఫీడ్‌ను మర్యాదగ వాడుడు అంటే నాకు ఇప్పటికి అదే యాదికి వస్తది.

పెట్టుకునేటప్పుడు వచ్చే తిప్పలు

వర్డ్‌ప్రెస్‌ల ఆర్ఎస్ఎస్ బ్లాక్ అని ఒకటి ఉంటది. ఫీడ్ అడ్రస్ అండ్ల వేస్తే హెడ్డింగులు, లింకులు పేజీ మీద కనవడుతయి. ప్లగిన్ కూడ అక్కర లేదు. వార్తలను మన సైట్ లోపటికే పోస్టుల లెక్క గుంజుకొచ్చే ప్లగిన్లు వేరే ఉంటయి. తిప్పలంత వాటితోనే. మొదటిది చూపిచ్చుడు, రెండోది ఎత్తుకొచ్చుడు. ఈ తేడా తెల్వకుంట ఏ బటన్ ఒత్తకుండ్రి.

ఆర్ఎస్ఎస్ బ్లాక్ తెచ్చిన జాబితాను మామూలుగ పన్నెండు గంటలు దాచిపెట్టుకుంటది. ప్రతి మనిషి వచ్చినప్పుడల్ల అవతలి సర్వర్‌ను అడుగొద్దని ఆ ఏర్పాటు. మంచిదే. గాని వాతావరణ హెచ్చరిక ఫీడ్ పెట్టినోళ్లు జర ఆలోచించాలె. వాతావరణ శాఖ నౌకాస్ట్ అని ఇచ్చే పిడుగుల హెచ్చరిక మూడు గంటల దాకనే చెల్లుతది. మన సైట్ పన్నెండు గంటల కిందటి జాబితా చూపిస్తే, పొద్దుగాల వచ్చిన హెచ్చరిక మాపటికి కనవడుతది. చేన్ల పత్తి ఏరే ఆడోళ్లకు అది పనికిరాదు, పైంగ అపాయం. అసొంటి ఫీడ్‌కు ఆ టైము తగ్గిచ్చాలె, హెచ్చరిక ఎన్ని గంటలకు ఇచ్చిండ్రో పక్కన కనవడాలె. అది చేతకాకుంటే ఫీడ్ తీసేసి శాఖ పేజీకి లింకు ఒక్కటి పెట్టుడు మేలు.

టైము కాడ ఇంకో మెలిక ఉన్నది. ఫీడ్లల్ల టైము శానాసార్లు గ్రీనిచ్ లెక్కల ఉంటది, మనకు ఐదున్నర గంటలు ఎనుక. వర్డ్‌ప్రెస్ కొత్తగ ఎక్కించినప్పుడు కూడ అదే లెక్కల ఉంటది. సెట్టింగులల్ల కోల్‌కతా అని మార్చకుంటే సాయంత్రం ఆరున్నరకు పెట్టిన వార్త మధ్యాహ్నం ఒంటి గంటది లెక్క కనవడుతది. రాత్రి రెండు గంటలకు పెట్టింది నిన్నటి తారీఖు కిందికి పోతది. కరెంటు కోత వార్తకు, పరీక్ష వాయిదా వార్తకు ఈ తేడా మామూలు తేడా కాదు.

తెలుగు అక్షరాల కథ వేరే. ఇంగ్లీషు అక్షరానికి కంప్యూటర్ల ఒక బైట్ సరిపోతది. తెలుగుల అక్షరానికి, గుణింతానికి, వత్తు కోసం పెట్టే పొల్లుకు దేనికి దానికి మూడు బైట్లు. 'రాష్ట్రం' అనే మాట చూసేందుకు చిన్నగనే ఉంటది. లోపట ఎనిమిది ముక్కలు, ఇరవై నాలుగు బైట్లు. ఇంగ్లీషు కోసం రాసిన ప్లగిన్ సారాంశాన్ని రెండొందల బైట్ల కాడ కోస్తే, కత్తి అక్షరం నడిమిట్ల పడుతది. చివర్ల నల్ల డబ్బాల ప్రశ్న గుర్తు వస్తది, లేకుంటే వత్తు పోయి మాట అర్థమే మారుతది. సారాంశాన్ని మాటల లెక్కన కోసే ప్లగిన్ చూసుకోవాలె. మన సొంత ఫీడ్‌కు ఒక జాగ్రత్త: ఎక్స్ఎంఎల్ మస్తు పట్టింపు గలది. మనం చేతితోని ఫైల్ తయారు చేస్తే, హెడ్డింగ్‌ల 'అండ్' గుర్తు ఒక్కటి సరిగ రాయకుంటే మొత్తం ఫైల్‌నే సదవను అంటది.

భద్రత కూడ. ఫీడ్‌ల వచ్చేది అవతలోడు రాసిన కోడ్. వాళ్ల సైట్ హ్యాక్ అయితే ఆ చెత్త మన పేజీ మీదికి వస్తది. స్క్రిప్టులను వడగట్టే ప్లగినే వాడాలె. డొమైన్ పాతబడి వేరేటోడు కొనుక్కుంటే, నిన్నటి దాక వార్తలు వచ్చిన ఫీడ్‌ల రేపు జూదం యాడ్లు రావచ్చు. నెలకోపారి ఫీడ్లన్నింటిని తెరిచి కండ్లతోని చూడాలె.

ఎవలి సొమ్ము ఎవలిది

ఇగ అసలు పంచాయతి. 'వాళ్లే ఫీడ్ పెట్టిండ్రు గదన్న, తీసుకుంటె తప్పేంది' అంటరు. గల్లీల నల్లా ఉన్నదని మోటరు పెట్టి గుంజుకుంటమా? ఫీడ్ బయట ఉన్నదంటే సదువుకోమని. మన పేజీల మొత్తం అచ్చేసుకొని దాని పక్కన యాడ్లు పెట్టుకొమ్మని కాదు. కొన్ని సైట్లు ఫీడ్ ఎట్ల వాడాల్నో నిబంధనలు రాసి పెడుతయి. సొంతానికి సదువుకో, వ్యాపారానికి వద్దు అని శానాసార్లు ఉంటది. ముందు అది సదవాలె.

చట్టం ఏమంటదంటే, జరిగిన సంగతి మీద ఎవలికి హక్కు లేదు. చెరువు కట్ట తెగింది అన్నది లోకానిది. దాన్ని ఒక రిపోర్టర్ రాసిన తీరు, ఆ వాక్యాలు, ఆ ఫోటో వాళ్లయి. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌ల నడుస్తున్న సంగతులు చెప్పేందుకు, విమర్శ చేసేందుకు న్యాయంగ కొంత వాడుకోవచ్చని ఉన్నది. అదే సెక్షన్‌ల, పత్రికలు నడుస్తున్న రాజకీయ, ఆర్థిక, సామాజిక విషయాల మీది వ్యాసాన్ని మల్ల వేసుకోవచ్చు, రాసినాయన హక్కు దాచుకోకుంటే, అని కూడ ఉన్నది. గాని పేజీ కింద 'అన్ని హక్కులు మావే' అన్న లైను ఉంటే ఆ తొవ్వ మూసుకున్నట్టే. 63వ సెక్షన్ కింద, తెలిసి కాపీ కొడితే ఆరు నెలల నుంచి మూడేండ్ల దాక జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాక జుర్మానా రాసి ఉన్నది. నేను భయపెట్టనికి చెప్తలేను. పెద్ద సంస్థకు నోటీసు వస్తే వకీలు ఉంటడు. మండల సైట్ నడిపే పోరనికి నోటీసు వస్తే తండ్రి వడ్ల పైసలు పోతయి.

హెడ్డింగ్, మీ సొంత మాటలల్ల రెండు లైన్లు, అసలు సైట్ పేరు, లింకు. దీని దాక ఉంటే శానా మటుకు నిమ్మలం. ఫోటో మాత్రం అడగకుంట ముట్టొద్దు. ఫోటోల మీదనే ఎక్కువ నోటీసులు వచ్చుడు నేను చూసిన.

2021 ఐటీ రూల్స్ కూడ యాదిల పెట్టుకోవాలె. అండ్ల వార్తల పబ్లిషర్ అన్న మాటకు అర్థం రాసినప్పుడు, న్యూస్ పోర్టల్‌తోని పాటు న్యూస్ అగ్రిగేటర్‌ను కూడ చేర్చిండ్రు. అంటే, నేను రాయలే, ఫీడ్‌ల వచ్చింది అంటే తప్పిచ్చుకునే వీలు తక్కువ. వ్యాపారంగ సైట్ నడిపేటోళ్లు ఫిర్యాదులు తీసుకునే మనిషి పేరు సైట్ మీద పెట్టాలె, పదిహేను రోజులల్ల జవాబియ్యాలె. ఆ రూల్స్ మీద కోర్టులల్ల కొట్లాట నడిచింది, కొంత భాగాన్ని బొంబాయి హైకోర్టు అదే ఏడు ఆపింది. ప్రభుత్వం చేతికి ఎక్కువ పట్టు ఇచ్చే రూల్స్ అని నేను కూడ వాటి మీద రాసిన. అయినా ఉన్న రూలు ఉన్నట్టు తెలిసి ఉండాలె.

నాకు అన్నిటికంటె ఎక్కువ బాధ పెట్టేది చట్టం కాదు. రెండేండ్ల కింద మిర్చి ఏరే కూలీల మీద ఒక వ్యాసం రాసిన. ఒకామె పేరుతోని మాట్లాడింది, పేరు రాయి బిడ్డా అని తనే చెప్పింది. వ్యాసం వచ్చిన మూడో నాడు ఆసామి ఇంటి మీదికి వచ్చి బెదిరిచ్చిండట. నా పేరు తీసేయి అని ఫోన్ చేసింది. గంటల మా పోర్టల్‌ల తీసేసినం. గాని అప్పటికే మూడు సైట్లు ఫీడ్ మీదికెళ్లి మొత్తం వ్యాసాన్ని ఎత్తుకొని పెట్టుకున్నయి. గుంజుకొచ్చే ప్లగిన్ గుర్తును చూసి, ఇది నా కాడ ఉన్నది అని ఊకుంటది. మనం దిద్దింది దానికి పట్టదు. ఒక సైట్‌ల నా పేరు లేదు, 'వెబ్ డెస్క్' అని ఉన్నది, ఆమె పేరు మాత్రం ఉన్నది. ఆ సైట్ ఓనర్‌ను పట్టుకునేటందుకు పదకొండు రోజులు పట్టింది. పదకొండు రోజులు ఆమె కూలికి పోలే. ఆటోమేటిక్ అని మనం ముద్దుగ పిలుచుకునేదాని ఎనుక ఇసొంటి రోజులుంటయి. ఎత్తుకొచ్చే ప్లగిన్ వద్దు అని నేను గట్టిగ చెప్పేది ఇందుకే. చూపిచ్చే బ్లాక్ అయితే, అసలు సైట్ల మారినప్పుడు ఫీడ్‌ల మారుతది, మన కాడ కూడ మారుతది.

మరి ఏం పెట్టుకోవాలె

మండల సైట్‌కు నిజంగ అక్కరొచ్చే ఫీడ్లు సినిమా వార్తలయి కావు. మార్కెట్ ధరలు పెట్టుండ్రి. కేంద్ర ప్రభుత్వం డేటా డాట్ గవ్ డాట్ ఇన్‌ల దేశంల ఉన్న మార్కెట్ యార్డుల దినాం ధరలు ఇస్తరు. పంట పేరు, మార్కెట్ పేరు, క్వింటాల్‌కు తక్కువ ధర, ఎక్కువ ధర, ఎక్కువ సరుకు అమ్ముడైన మోడల్ ధర ఉంటయి. ఇది ఆర్ఎస్ఎస్ కాదు, ఏపీఐ అంటరు. పైసలు లేకుంట పేరు నమోదు చేసుకుంటే తాళంచెవి లెక్క ఒక కోడ్ ఇస్తరు. వరంగల్ ఏనుమాముల పత్తి, నిజామాబాద్ పసుపు, ఖమ్మం మిర్చి ధరను పక్కపక్కన పెట్టిన సైట్‌ను రైతు రోజు తెరుస్తడు. అందరు చూసేది ఎక్కువ ధర. మీరు మోడల్ ధరను పెద్ద అక్షరాలల్ల పెట్టుండ్రి. ఎక్కువ ధర ఒక్క లాట్‌కే పడొచ్చు, దాన్ని చూసి బండి కట్టినోడు యార్డుల మోసపోతడు.

హెచ్చరికలకు జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 'సచేత్' ఉన్నది. పిడుగు, వరద, వడగాలి హెచ్చరికలను క్యాప్ అనే పద్ధతిల ఇస్తది, ఫీడ్ కూడ ఉన్నది. పన్నెండు గంటల ముచ్చట మల్ల చెప్త లేను.

ప్రభుత్వ ప్రకటనలు పీఐబీల తెలుగుల కూడ వస్తయి, దానికి ఫీడ్లున్నయి. వాడుకోవచ్చు. గాని పీఐబీ రాసింది ప్రభుత్వం తన గురించి తను చెప్పుకున్న మాట. దానికి మీ రిపోర్టర్ పేరు తగిలిచ్చుడు సదివేటోళ్లను మోసం చేసుడే. 'ప్రభుత్వ ప్రకటన' అని మీద రాయాలె. 2024 మార్చిల ప్రసార్ భారతి పీబీ-శబ్ద్ అని మొదలువెట్టింది. వీడియో, ఆడియో, ఫోటో, రాత ముఖ్యమైన భారతీయ భాషలల్ల మీడియా సంస్థలకు ఇస్తమన్నరు, మొదటి ఏడు పైసలు వద్దన్నరు. పల్లె సైట్ నడిపేటోనికి ఇది ఆశ పుట్టిస్తది, నాకు తెలుసు. పేజీ మొత్తం దాంతోనే నింపితే 1976 యాది చేసుకోండ్రి. అప్పుడు బలవంతంగ కలిపిండ్రు, ఇప్పుడు మనంతట మనమే పోయి క్యూ కట్టినట్టైతది. ఒక మూలకు పెట్టుండ్రి. అది చెప్పిన పథకం మీ ఊళ్లె ఎందరికి ముట్టిందో అడిగి పక్కన రాయుండ్రి. అప్పుడు ఆ ఫీడ్ వార్త అయితది.

పల్లెల మీద లోతుగ రాసేటోళ్లల్ల పి.సాయినాథ్ 2014ల మొదలువెట్టిన పరి ఉన్నది, తెలుగుల కూడ సదవొచ్చు. మల్ల అచ్చేసుకునేందుకు వాళ్ల నియమాలు వాళ్ల సైట్ల ఉన్నయి, సదివి, అడిగి వేసుకోవాలె. తెలుగు వికీపీడియా రాత క్రియేటివ్ కామన్స్ కింద ఉన్నది. ఎక్కడిదో చెప్పి, అదే లైసెన్సు కింద పెడితే ఎవలైన వాడుకోవచ్చు. మీ ఊరి పేజీ అండ్ల ఎట్లున్నదో చూడుండ్రి, తప్పులుంటే దిద్దుండ్రి.

గూగుల్‌ల పైకి వస్తదా అని అడిగేటోళ్లకు సూటిగ ఒక మాట. రాదు. వేరే సైట్ల ఫీడ్లను అట్లనే పెట్టుకొని సొంతంగ ఏం కలపని పేజీలను గూగుల్ తన నియమాలల్ల స్పామ్ కిందనే రాసుకున్నది. 2011ల పాండా అనే మార్పు వచ్చినప్పటి నుంచి అసొంటి సైట్లను కిందికి నూకుతనే ఉన్నది. యాడ్‌సెన్స్ కూడ కాపీ సరుకు ఉన్న సైట్లను ఒప్పుకోదు. 'ఫ్రెష్ కంటెంట్' అని ప్లగిన్ అమ్మేటోడు చెప్పేది వాడి సరుకు అమ్ముకునేటందుకు. ఇరవై సైట్లల్ల ఉన్న వార్త ఇరవై ఒకటో సైట్ల తాజాగ ఎట్ల ఉంటది? మీ ఊరి గ్రామసభల ఎవలు ఏం అడిగిండ్రు అన్నది ఎవలి దగ్గర లేదు. అది నాలుగు లైన్లైనా సరే తాజా.

రాసేటోని గురించి కూడ ఒక మాట. మీరు గుంజుకొచ్చే జిల్లా వార్తను మొదట రాసింది ఒక మండల విలేకరి. శానా మందికి జీతం ఉండదు. అచ్చైన రాతను కొలిచి ఇచ్చే లైన్ అకౌంట్ పైసలే, అవి కూడ అందరికి రావు. పైంగ యాడ్లు తెచ్చే బరువు. బండి పెట్రోలు సొంతం. తాసిల్దార్ ఆఫీసు కాడ నాలుగు గంటలు నిలవడి తెచ్చిన సంగతిని మన ప్లగిన్ నాలుగు సెకండ్లల్ల ఎత్తుకొస్తది, పేరు కూడ పెట్టదు. పట్నంల పెద్ద సంస్థల మీద మనకున్న కోపం సరే. దెబ్బ మాత్రం ఈ మనిషికే తాకుతది.

ఇంకొక పని చెయ్యొచ్చు, దీన్ని మా దిక్కు నాలుగైదు సైట్లోళ్లు మొదలువెట్టిండ్రు. పక్క మండలాల సైట్లు ఒకరి ఫీడ్ ఒకరు పెట్టుకునుడు. హెడ్డింగ్, రెండు లైన్లు, రాసినోని పేరు, లింకు. అడిగి, ఒప్పుకొని. ఒకే వాగు మీద ఇసుక తోడుతుంటె ఎగువ మండలంల రాసింది దిగువ మండలంల కనవడుతది. ఒకే ఆర్టీసీ డిపో బస్సులు బంద్ చేస్తే మూడు మండలాల వార్తలు ఒక్క కాడికి వస్తయి, డిపో మేనేజర్‌కు చూపిచ్చేటందుకు కాయితం తయారు. దీనికి పైసా ఖర్చు లేదు. చెయ్యాల్సింది ఏందంటే, ముందుగాల మీ సైట్ ఫీడ్ పనిచేస్తున్నదో లేదో చూసుకోండ్రి. సెట్టింగులల్ల రీడింగ్ అన్న కాడ ఫీడ్‌ల మొత్తం వ్యాసం పోవాల్నా సారాంశం పోవాల్నా అని అడుగుతది, సారాంశం పెట్టుండ్రి. టైమ్ జోన్ కోల్‌కతాకు మార్చుండ్రి. వార్త మీద రాసినోని పేరు తెలుగుల ఉండేటట్టు చూడుండ్రి. అడ్మిన్ అని ఉంటే మార్చుండ్రి. తర్వాత ఆ అడ్రస్ పక్క మండలపోళ్లకు పంపుండ్రి.